కత్తెర పట్టేముందు బండిని ఇటుక ఎక్కించండి

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య మీ ఆదివారం పేజీలో రిమోట్‌తో నడిపే బొమ్మ ట్రక్కుల సరదా మీద వచ్చిన వ్యాసం చదివాను. బాగానే రాశారు గానీ ఒక్క ముక్క నాకు మింగుడుపడలేదు. పెద్ద టైర్లు వేశాక అవి బాడీకి రాసుకుంటుంటే మడ్‌గార్డు దగ్గర కాస్త కత్తిరిస్తే సరిపోతుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది చూసి మా వీధిలోనే ఇద్దరు కుర్రాళ్లు కత్తెర పట్టారు. ఒకడి బాడీ చక్రం దగ్గర నుంచి తలుపు దాకా చీలింది. రెండోవాడు కత్తిరించాక కూడా రాపిడి పోలేదు తాతగారూ అంటూ బండిని నా దగ్గరికి పట్టుకొచ్చాడు.

నేను ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టి రిటైరైనవాణ్ణి. ఈ బుల్లి బండ్లు మా అమ్మాయి కొడుకు వల్ల అలవాటయ్యాయి. అసలు లారీ అయినా, అందులో పదో వంతు ఉండే ఈ 1/10 ట్రక్కు అయినా, టైరు బాడీకి తగులుతోందంటే మేస్త్రి మొదట అడిగేది ఒకటే: ఎప్పుడు తగులుతోంది? స్టీరింగ్ తిప్పినప్పుడా, రాయి ఎక్కినప్పుడా, స్పీడులోనా? ఒక్కోదానికి ఒక్కో వైద్యం.

చదునైన నేల మీద నిలబెట్టి చూస్తే ఏమీ తెలియదు. కృష్ణ ఒడ్డున ఇసుకలో గంట తిప్పినా బయటపడకపోవచ్చు. మొగల్రాజపురం కొండ రాళ్ల మీదికి తీసుకెళితే మాత్రం నిమిషంలో గరగరమంటుంది. అంతదూరం వెళ్లక్కర్లేదు. బండిలో బ్యాటరీ పెట్టి, బాడీ తొడిగి, ముందు ఎడమ చక్రం కింద ఒక ఇటుక, వెనక కుడి చక్రం కింద ఇంకో ఇటుక పెట్టండి. ఇటుక ఎక్కిన చక్రాలు బాడీలోకి దూరతాయి, మిగతా రెండూ కిందికి వేలాడతాయి. ఇప్పుడు టైరు అంచులకు సుద్ద రుద్ది స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివర దాకా తిప్పండి. తరవాత ఇటుకలు మార్చి రెండో పక్క కూడా చూడండి. టైరు ఎక్కడ తగిలిందో బాడీ మీద సుద్ద మచ్చ చెబుతుంది. బాడీ లోపల తెల్ల రంగు ఉంటే రంగు సుద్ద వాడుకోవాలి.

ఆ రెండో కుర్రాడి బండికి ఇలాగే చేశాం. వాడు కత్తిరించింది చక్రం పైభాగంలో. మచ్చ పడింది చక్రం వెనక, తలుపుకి ముందు, కింది మూలన. అదీ స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడే. కారణం టైరు ఎత్తు కాదు. బండి వెడల్పుగా, దర్జాగా కనపడాలని చక్రాల వెనక ఉండే హెక్సులకి (చక్రాన్ని ఇరుసుకి పట్టించే ఆరు పలకల ముక్కలు) బదులు మందపాటివి వేసి చక్రాల్ని బయటికి జరిపాడు. చక్రం తిరిగేది స్టీరింగ్ పిన్ను చుట్టూ. ఆ పిన్నుకి చక్రం ఎంత దూరం జరిగితే తిప్పినప్పుడు అంత పెద్ద చుట్టు తిరుగుతుంది, టైరు మూల పోయి బంపరుకో తలుపుకో తగులుతుంది. పాత హెక్సులే మళ్లీ వేయించాను. మిగిలిన కొద్దిపాటి రాపిడికి రిమోట్‌లో స్టీరింగ్ ఎండ్ పాయింట్, అంటే చక్రాలు ఎంతవరకు తిరగాలనే హద్దు, కాస్త తగ్గించాడు. మలుపు కొంచెం పెద్దదవుతుంది, నిజమే. కానీ టైరు బాడీకి అడ్డుపడి స్టీరింగ్ తిప్పే చిన్న మోటారు, సర్వో, మూలుగుతూ వేడెక్కడం కన్నా అది నయం కదా.

రాయి ఎక్కినప్పుడు పైన తగులుతుంటే అది షాకబ్జర్ల సంగతి. ఇక్కడ చాలామంది స్ప్రింగు పైన కాలర్ బిగించి లేదా స్పేసర్ పెట్టి బండిని ఎత్తుతారు. దానివల్ల నిలబడ్డప్పుడు ఎత్తు పెరుగుతుంది, అంతే. గట్టిగా కుదుపు తగిలి షాకబ్జర్ పూర్తిగా నొక్కుకుంటే చక్రం పాత చోటికే వెళ్లి మళ్లీ రాసుకుంటుంది. లారీకి కమాను కట్టలు ఎన్ని పట్టీలు వేసినా పైన రబ్బరు బంపు ఎందుకు పెడతాం? ఇదీ అంతే. షాకబ్జర్ రాడ్డుకి బయటవైపు సన్నటి సిలికాన్ ట్యూబు ముక్క తొడిగితే అది అంతకు మించి నొక్కుకోదు. రెండు మూడు మిల్లీమీటర్ల ముక్కతో మొదలుపెట్టి మళ్లీ ఇటుక ఎక్కించి చూసుకోవాలి. పిస్టను కింద, లోపల వేసే స్పేసరు వేరు. అది చక్రం కిందికి జారకుండా ఆపుతుంది, ఈ రాపిడికి పనికిరాదు.

బాడీని నిలబెట్టే పోస్టులకు వరసగా బెజ్జాలుంటాయి. క్లిప్పు పై బెజ్జంలోకి మారిస్తే బాడీ లేస్తుంది. తేలికైన పని. కానీ పైన బరువు పెరిగి ఏటవాలు రాయి మీద బండి పక్కకి పల్టీ కొడుతుంది. కాబట్టి ఒక్క బెజ్జానికి మించి వద్దంటాను. లోపలి ప్లాస్టిక్ మడ్‌గార్డులు స్క్రూలతో ఉంటే అవి విప్పినా చోటు దొరుకుతుంది, బురదలో తిప్పనివాళ్లకి మాత్రమే.

స్పీడు బండ్లలో తగిలితే టైరు గిర్రున తిరిగి ఉబ్బడం కారణం కావచ్చు. లోపల బెల్టు ఉన్న టైర్లు వేసుకోవాలి. బండిని ఎత్తి పట్టుకుని ఫుల్ థ్రాటిల్ ఇచ్చి పరీక్షించొద్దు, టైరు చిరిగి మీద పడుతుంది.

ఇవన్నీ అయ్యాక కూడా తగిలితే అప్పుడు కోయండి. పారదర్శకంగా వచ్చే పాలికార్బొనేట్ బాడీకి రంగు లోపలివైపు ఉంటుంది. కోయాల్సిన గీత గుర్తుపెట్టి, గీత మలుపు తిరిగే చోట ముందుగా డ్రిల్లుతో గుండ్రటి బెజ్జం వేయాలి. మూల పదునుగా మిగిలితే చీలిక అక్కడే మొదలవుతుంది. వంపు కత్తెరతో కొంచెం కొంచెంగా తీసి, అంచుని సన్న ఉప్పుకాగితంతో రుద్దాలి. చీలిపోయిన ఆ మొదటివాడి బాడీకి చీలిక చివర బెజ్జం వేసి, లోపల జాలీ టేపు పరిచి పైన చెప్పుల జిగురు పూశాం. నిలిచింది.

అమ్మేవాళ్లకీ ఒక మాట. 1.9 టైరు అని రాసి అమ్ముతారు. అది రిమ్ము కొలత, అంగుళాల్లో. అదే రిమ్ముకి 98 మిల్లీమీటర్ల ఎత్తు టైరూ ఉంది, 120ది కూడా ఉంది. ఇరుసు నుంచి చూస్తే 11 మిల్లీమీటర్ల తేడా, ఇంత చిన్న బాడీలో అది చాలా ఎక్కువ. డబ్బా మీద ఎత్తు కనపడేలా ఓ చీటీ అంటిస్తే పిల్లలు కొనేముందే కొలుచుకుంటారు. వచ్చే ఆదివారం పేజీలో ఆ మాట కూడా వేయమని మనవి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లారీ బాడీ మేస్త్రి,
ఆటోనగర్, విజయవాడ