టర్బో కార్లకు లూజ్ ఆయిల్ ఇక పోయం: సంక్రాంతి ముందు కస్టమర్లకు ఒక మాట

మన గ్యారేజీకి బండ్లు తెచ్చే అందరికీ నమస్కారం. పండగ దగ్గర పడింది. సార్వా ధాన్యం డబ్బులు చేతికి వచ్చే రోజులు, హైదరాబాద్ నుంచి పిల్లలూ అల్లుళ్లూ కార్లలో దిగే రోజులు. షెడ్డు ముందు బండ్లు బారులు తీరాక వాదించుకునే పని లేకుండా, మారిన పద్ధతి ముందే చెబుతున్నాను. టర్బో, అంటే పొగ తోపుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని గట్టిగా నెట్టే చక్రం, ఉన్న కారు ఏదైనా సరే, డ్రమ్ములోంచి కొలిచి పోసే లూజ్ ఆయిల్ ఇక పోయం. సీలు డబ్బా మీ కళ్లముందే తెరుస్తాం. ఏ డబ్బా తెరవాలన్నది కారుతో వచ్చిన పుస్తకం చూశాకే తేలుస్తాం. మజూరీ కూడా 100 రూపాయలు పెంచాం.

డబ్బు సంగతి దాచను. లూజ్ ఆయిల్ మీద నాకు మిగిలేది ఎక్కువ. సీలు డబ్బా మీద ధర ముద్రించి ఉంటుంది, మీరు ఫోనులో ఇంకో ధర చూసుకుని వస్తారు, ఇక నాకు దక్కేది అంతంతమాత్రం. పైగా ఒక్కో గ్రేడుకు, అంటే చిక్కదనం రకానికి, కొన్ని డబ్బాల చొప్పున సరుకు తెచ్చి పెట్టుకోవాలి. ఆ భారం మజూరీలో పడింది.

అంత పట్టుదల ఎందుకని అడిగేవారికి బల్ల మీద ఉంచిన ఒక బోల్టు చూపిస్తున్నాను. ఉండి వైపు రొయ్యల చెరువులున్న ఒకాయన కారులోది అది. బండి ఊపందుకోవడం లేదని, వెనక నీలం పొగ వస్తోందని తెచ్చారు. టర్బోకు నూనె తెచ్చే గొట్టం చివర బిగించే బోలు బోల్టు ఇది. నూనె వెళ్లే రంధ్రం లోపల, బజ్జీల మూకుడు అడుగున పేరుకున్నట్టు, నల్లటి మాడు గట్టిపడి ఉంది. సన్నటి తీగ పెడితే ఆగి ఆగి దిగింది. టర్బో ఇరుసును రెండు వేళ్లతో పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగడం స్పష్టంగా తెలిసింది. ఆయన బయట ఎక్కడో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి నూనె పోయించుకున్నారు, పైగా మార్చాల్సిన గడువు దాటాక కూడా చాలాకాలం నడిపారు. పాపమంతా గ్రేడుదే అనను. గడువు దాటడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. రెండూ కలిస్తే మాత్రం టర్బో తట్టుకోదు.

ఎందుకంటే ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర చుట్లు తిరుగుతుంది. చిన్న టర్బోల్లో రెండు లక్షలు కూడా దాటుతుంది. ఒక పక్క పొగ వేడి, పెట్రోల్ కార్లలో 900 డిగ్రీల పైకి పోగలదు. అంత వేగంలో, అంత వేడిలో ఇరుసు బేరింగుకు రాసుకోకుండా ఆపేది సన్నటి నూనె పొర ఒక్కటే. మామూలు మినరల్ ఆయిల్ అక్కడ త్వరగా మాడుతుంది. రసాయనికంగా తయారుచేసిన సింథటిక్ ఎక్కువకాలం నిలుస్తుంది.

"మన ఎండలకు పల్చటి నూనె ఆగుతుందా అబ్బాయ్, కాస్త చిక్కటిది పొయ్యి" అని పెద్దవాళ్లు చాలామంది అంటారు. ఆగుతుందండి. రోహిణి కార్తె అయినా పుష్యమాసం అయినా ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్‌ను థర్మోస్టాట్ అనే కవాటం ఇంచుమించు 90 డిగ్రీల దగ్గరే నిలబెడుతుంది. బయట ఎండ పదిహేను డిగ్రీలు పెరిగిందని ఇంజన్‌లో నూనె కూడా పదిహేను డిగ్రీలు వేడెక్కదు. అసలు పరీక్ష బేరింగుల మధ్య ఉంటుంది. అందుకే నూనెను 150 డిగ్రీల వేడిలో, బాగా నలిగే స్థితిలో పెట్టి, ఎంత చిక్కదనం మిగిలిందో కొలుస్తారు. వేళ్ల మధ్య రాసి చూస్తే తెలిసే సంగతి కాదు అది.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. రెండు డబ్బాల మీదా పెద్ద అక్షరాల్లో 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితే ఒకదాని మీద ఏసీఈఏ సీ2, ఇంకోదాని మీద ఏసీఈఏ సీ3. యూరప్ కార్ల తయారీదారుల సంఘం పెట్టిన ప్రమాణాలివి. 150 డిగ్రీల పరీక్షలో సీ2 నూనెకు చిక్కదనం కొలత కనీసం 2.9 వస్తే చాలు, సీ3కి 3.5 రావాలి. ముందు వైపు అంకె ఒకటే అయినా లోపలి సరుకు వేరు. సీ2 చాలని చెప్పిన ఇంజన్‌లో సీ3 పోస్తే మైలేజీ కాస్త తగ్గుతుంది, అంతే. సీ3 అడిగిన ఇంజన్‌లో సీ2 పోస్తే, నిండా జనంతో బండి బరువు లాగేటప్పుడు ఉండాల్సిన పొర ఉండదు. అందుకే నేను డబ్బాను ముందు నుంచి చూడను. పుస్తకంలో రాసింది డబ్బా వెనక కనిపించాలి. కొన్ని కార్ల కంపెనీలు తమ సొంత నంబరు కూడా అడుగుతాయి, అదీ కలవాలి. అవి కలిశాక ఏ బ్రాండు అన్నది మీ ఇష్టం. అందులో నాకు పట్టింపు లేదు.

ముందుండే 0డబ్ల్యూ, 5డబ్ల్యూ అంకెల గురించి బుర్ర పాడు చేసుకోకండి. చలికి గడ్డకట్టకుండా ఇంజన్‌ను తిరగనిస్తుందా అని 0డబ్ల్యూ నూనెను మైనస్ 35 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూ నూనెను మైనస్ 30 దగ్గర పరీక్షిస్తారు. ఆ చలి మన డెల్టాకు రాదు. పుస్తకం 5డబ్ల్యూ అంటే 0డబ్ల్యూ కోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. అలాగని 20డబ్ల్యూకు దిగవద్దు. రాత్రంతా నిలిపిన కారును పొద్దున్నే స్టార్ట్ చేస్తే, టర్బో దాకా ముందుగా చేరేది పల్చటి నూనే.

పెట్రోల్ టర్బోల వారికి ఇంకో సంగతి. వెన్యూ, సోనెట్, ఫ్రాంక్స్ లాంటి కార్లలో వచ్చే 1.0 టర్బోలు పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చల్లే రకం. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని చించినాడ వంతెన ఎక్కేటప్పుడు గేరు తగ్గించకుండా ఐదో గేరులోనే యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతారు చూడండి, అలాంటప్పుడు స్పార్కు ప్లగ్గు వెలగకముందే సిలిండర్‌లో మంట పుట్టే ప్రమాదం ఉంది. ఠంగుమని ఒక దెబ్బ వినిపిస్తుంది. గట్టిగా తగిలితే పిస్టన్ పగులుతుంది. నూనెలో మురికిని కడగడానికి కలిపే కాల్షియం రసాయనాలు ఎక్కువైతే ఇది పెరుగుతుందని తేలింది. దాంతో అమెరికా పెట్రోలియం సంస్థ ఏపీఐ నుంచి 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ, 2025లో ఎస్‌క్యూ ప్రమాణాలు వచ్చాయి. పుస్తకంలో ఎస్‌ఎన్ అని ఉన్నా ఎస్‌పీ నిరభ్యంతరంగా వాడవచ్చు, అదే మేలు. పాత ఎస్ఎన్ డబ్బా చవకగా దొరికిందని తెచ్చి ఇస్తే ఈ ఇంజన్లలో పోయను. గేరు మాత్రం తగ్గించండి, దానికి ఖర్చేమీ లేదు.

డీజిల్ సంగతి వేరు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు వచ్చాక డీజిల్ కార్లకు మసిని పట్టి కాల్చే డీపీఎఫ్ ఫిల్టర్ వచ్చింది. మసి కాలిపోతుంది. నూనెలోని రసాయనాల బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే కూర్చుంటుంది. సీ2, సీ3 నూనెల్లో ఆ బూడిద 0.8 శాతానికి మించకూడదు. అదే యూరప్ సంఘం వారి ఇంకో రకం ఏ3/బీ4 నూనెల్లో 1.6 శాతం దాకా ఉండొచ్చు. అంతమాత్రాన ఏ3/బీ4 నాసిరకం కాదు. డీపీఎఫ్ లేని పాత డీజిల్ కారుకు పుస్తకం అదే చెబితే అదే పోస్తాం. వారి చేత తక్కువ బూడిద డబ్బా పనిగట్టుకుని కొనిపించను.

ఇంటి నుంచి చెరువుకు, చెరువు నుంచి కాటా దగ్గరకు తిరిగే బీఎస్6 డీజిళ్లను నేను ఎక్కువగా చూస్తున్నాను. డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే కాస్త దూరం ఆగకుండా నడవాలి. మనవాళ్లు మధ్యలోనే ఆపేస్తారు. ఆ పని కోసం అదనంగా చల్లిన డీజిల్ కొంత నూనెలోకి దిగుతుంది. నూనె మట్టం చూసే గేజీ తీసి చూస్తే నూనె పై గీత దాటి ఉంటుంది. "తగ్గలేదు కదా, ఫరవాలేదు" అని మూత పెట్టేస్తారు. తగ్గినట్టే పెరగడమూ ప్రమాదమే. అది పల్చబడిన నూనె, ఆ స్థితిలో టర్బోను కాపాడలేదు. పెట్రోల్ కార్లలో గేజీకి వాసన చూడండి, పెట్రోల్ వాసన గుప్పుమంటే బండి తీసుకురండి. చాలా కార్లకు పదివేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది అని ఉంటుంది. కానీ చిన్న చిన్న దూరాలు తిరిగే బండ్లకు, ఏసీ వేసుకుని గట్టు మీద గంటల తరబడి ఇంజన్ ఆపని బండ్లకు పుస్తకంలో వేరే గడువు రాసి ఉంటుంది, తరచుగా అందులో సగం. మన ప్రాంతపు బండ్లలో ఎక్కువ వాటికి వర్తించేది ఆ రెండో గడువే. వాడకం అడిగి తెలుసుకుని, తర్వాత ఎప్పుడు రావాలో బిల్లు మీద రాస్తాం.

"ఫుల్లీ సింథటిక్" అన్న ముద్ర చూసి మురిసిపోవద్దు. ముడి చమురునే బాగా శుద్ధి చేసి తీసిన గ్రూప్ 3 నూనెను కూడా అలా పిలవచ్చని 1999లో అమెరికాలో మొబిల్, కాస్ట్రాల్ మధ్య వచ్చిన వివాదంలో తేల్చారు. గ్రూప్ 3 మంచిదే, నేను అమ్మేవాటిలోనూ ఉంది. ముద్ర ఒక్కటే చాలదని చెప్పడమే నా ఉద్దేశం. టర్బో కోసం ప్రత్యేకం అంటూ వచ్చే చిన్న సీసాల మందులు మాత్రం నా షెడ్డులో దొరకవు.

హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లలకు మీరే చెప్పండి. హైవే మీద వేగంగా వచ్చి టీ కొట్టు కనిపించగానే ఠక్కున ఇంజన్ ఆపకూడదు. టర్బో ఇంకా వేడిగానే ఉంటుంది, నూనె ప్రవాహం మాత్రం ఆగిపోతుంది, లోపల మిగిలింది అక్కడే మాడుతుంది. ఒక నిమిషం అలా నడవనిచ్చి ఆపితే చాలు. ఇంటికి వచ్చినప్పుడు ఆ బాధ లేదు. హైవే దిగి కాలువ గట్టు మీద గేదెలను తప్పించుకుంటూ నెమ్మదిగా వచ్చేసరికి టర్బో చల్లబడే ఉంటుంది.

భోగి ముందు రోజు వరకు షెడ్డు తెరిచే ఉంటుంది, కనుమ మర్నాడు మళ్లీ తెరుస్తాం. వచ్చేటప్పుడు పుస్తకం తెచ్చుకోండి, లేదంటే నూనె వివరాలున్న పేజీ ఫొటో తీసి పంపండి. మా దగ్గర లేని గ్రేడు అయితే తెప్పించడానికి రెండు రోజులు పడుతుంది. తీసిన పాత నూనె కంచె రాటలకు చెద పట్టకుండా పూసుకుంటామని చాలామంది అడుగుతారు, ఇవ్వను. వాన పడితే అది చేరేది కాలువలోకి, అక్కడి నుంచి మీ చెరువులోకే. దాన్ని డ్రమ్ములో నింపి, అనుమతి ఉన్న రీసైక్లింగ్ వారికే అప్పగిస్తున్నాం. ఖాళీ డబ్బాలు కూడా అడ్డంగా కోసే పంపిస్తాం, మళ్లీ ఎవరూ నకిలీ నూనె నింపి అమ్మకుండా.