ఆ పాత లైట్‌హౌస్‌ని నెలకొక్క ఆదివారమైనా చూడనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన నెల్లో పాత నెల్లూరు జిల్లా వాకాడు పక్క నుంచి మా పిన్నమ్మ, ఆమె మనవలిద్దరు మా ఇంటికొచ్చారు. మేముండేది చెన్నై పెరంబూరు, నేను పుట్టి పెరిగిందంతా ఇక్కడే, అయినా బీచ్‌కి పోయి సుండల్ తిని వచ్చేయడమే గానీ లైట్‌హౌస్ ఎక్కిన పాపాన పోలేదు, చుట్టాలొస్తేనే గదా మనకి సొంతూరు చూడాలని గుర్తొచ్చేది. తెలుగు చెప్పే గైడ్ ఉంటాడన్నారని ఒక ట్రావెల్స్ వాళ్ళ వ్యాన్‌లో ఒక రోజు సిటీ టూర్ బుక్ చేశా. ఆ అబ్బాయి మెరీనాలో లైట్‌హౌస్ ముందు వ్యాన్ ఆపి మైకు పట్టుకుని చెప్పిన మొదటి ముక్కే "ఇది రెండొందల ఏళ్ళ నాటిది, బ్రిటిష్ వాళ్ళు కట్టించారు, అప్పటి తెరచాప ఓడలన్నీ దీన్ని చూసే ఒడ్డుకొచ్చేవి" అని. పిన్నమ్మ చిన్న మనవడు ఊరుకోడు గదా, "లిఫ్టు కూడా వాళ్ళే పెట్టించారా అంకుల్" అన్నాడు. వ్యాన్ మొత్తం నవ్వారు, గైడ్ కూడా నవ్వేసి తర్వాతి పాయింట్‌కి వెళ్ళిపోయాడు.

ఆ ఎర్ర తెల్ల పట్టీల లైట్‌హౌస్ మొదలైంది 1977లో అండీ, అప్పటికి నేను స్కూల్‌కి పోతున్నా. తెరచాప ఓడలు చూసిన లైట్‌హౌస్ వేరే ఉంది, అది ఇక్కడికి ఐదారు కిలోమీటర్ల దూరంలో హైకోర్టు కాంపౌండ్‌లో ఉంది, పొద్దున మా వ్యాన్ ప్యారీస్ కార్నర్ సిగ్నల్‌లో ఆగినప్పుడు "అది కూడా చూపిస్తావా బాబూ" అని నేనే అడిగా. "అది కోర్టు లోపలుంది మేడమ్, మన లిస్టులో లేదు" అన్నాడు. నేనీ ఉత్తరం రాసేది దాని గురించే.

ముందు లైన్‌గా చెప్తాను, చాలామందికి ఇది కలగాపులగంగా ఉంది. మన పట్నానికి మొదటి దీపం 1796లో పెట్టారు, సెయింట్ జార్జ్ కోటలో ఇప్పుడు మ్యూజియం ఉన్న బిల్డింగ్ మేడ మీద, కొబ్బరి నూనె దీపాలు. తర్వాత 1844లో రాతి స్తంభం కట్టి దాని మీదికి మార్చారు, గ్రీకు గుళ్ళల్లో స్తంభం ఉంటుందే అట్లా గుండ్రంగా, నిలువు గాళ్ళతో ఉంటుంది, అదే నేను చూపించమన్నది. 1892లో హైకోర్టు ఎర్ర బిల్డింగ్ వచ్చింది, అన్నిటికన్నా ఎత్తు గోపురం దానిదే కాబట్టి 1894లో దీపం దాని మీదికి ఎక్కింది. అంటే ఎనభై ఏళ్ళకి పైగా మన కోర్టే లైట్‌హౌస్, ప్రపంచంలో ఇట్లాంటి కోర్టులు ఎన్నుంటాయో చూడండి. 1914 సెప్టెంబర్ 22 రాత్రి జర్మన్ వాళ్ళ ఎమ్డెన్ ఓడ వచ్చి గుండ్లేసి హార్బర్ దగ్గర ఆయిల్ ట్యాంకులు తగలబెట్టినప్పుడు కోర్టు గోడకి కూడా దెబ్బ తగిలింది, ఇప్పటికీ మా వీధి తమిళ పెద్దవాళ్ళు ఎవడైనా గట్టి పిండమైతే "వాడు ఎమ్డన్" అంటారు. ఆ తర్వాత 1977లో మెరీనాకి. నాలుగు దీపాలు, నాలుగు చోట్లు, నాలుగూ నిలబడే ఉన్నై, కానీ టూర్ వ్యాన్ ఆగేది నాలుగో దాని ముందు, చెప్పేది రెండో దాని కథ.

లైట్‌హౌస్ దిగాక ఇసకలోకి నడిచాం. అక్కడ ఫైబర్ బోట్లు వరసగా లాగి పెట్టున్నై, పిన్నమ్మ ఒక బోటు దగ్గరికెళ్ళి కొబ్బరికాయ చూసినట్టు వేలి కణుపుతో టకటకా కొట్టి చూసింది. "ఏందిరా ఇది డబ్బా మాదిరుంది" అంది. వాళ్ళ చిన్నప్పుడు ఒడ్డు నుంచి లాగే అలివి వల వేసేదానికి కుట్టు పడవ ఉండేదంట, మేకుల్లేవు, పలకకీ పలకకీ అంచుల్లో చిల్లులు పెట్టి, మధ్యలో పీచు కుక్కి కొబ్బరి పీచు తాడుతో కుట్టేయడమే. అక్కడే కూచుని ఇసకలో రెండు గీతలు గీసి తాడు ఎటునుంచి ఎటు పోతుందో, పాదంతో తన్నిపట్టి ఎట్లా లాగి బిగిస్తారో వేళ్ళతో చేసి చూపించింది, మనవలకన్నా నేనే నోరు తెరుచుకుని చూశా.

ఎందుకంటే మద్రాసు ఓడల కథ మొత్తం ఆ కుట్టులోనే ఉంది. ఇక్కడ హార్బర్ ఉండేది కాదు, హార్బర్‌కి పునాది రాయి వేసిందే 1875లో, అది కూడా 1881 తుఫానుకి చాలావరకు కొట్టుకుపోతే మళ్ళీ కట్టుకున్నారు. అంతకుముందు రెండొందల ఏళ్ళు పెద్ద ఓడలు దూరంగా లోతు నీళ్ళలో లంగరేసి ఉండిపోయేవి, అక్కణ్ణుంచి మనుషులైనా మూటలైనా గుర్రాలైనా ఈ కుట్టు పడవల్లోనే ఒడ్డుకి రావాలి, వీటినే మసూలా పడవలన్నారు. మేకులేసిన గట్టి పడవ మన కెరటాల్లో ఇసక మీద పడితే పగులుతుంది, కుట్టు పడవ వొంగుతుంది, ఊగుతుంది, పగలదు. పక్కనే కట్టుమరాల మీద, అంటే దుంగలు కలిపి కట్టిన తెప్పల మీద, మనుషులు తోడొచ్చేవాళ్ళు, ఎవరైనా నీళ్ళలో పడితే లాగి తియ్యడానికి. ఓడకీ ఒడ్డుకీ ఉత్తరాలు మోసేది కూడా ఆ కట్టుమరం వాళ్ళే, తడవకుండా తలమీద ఆకులతో అల్లిన మొనదేలిన టోపీలో దోపుకుని. గవర్నర్ అయినా సరే దొరసాని అయినా సరే మన జాలరి చేతుల్లో ప్రాణం పెట్టి ఒడ్డుకి రావాల్సిందే. లైట్‌హౌస్ చూసి ఓడ ఆగేది, ఆ తర్వాత మనిషిని తెచ్చేది మసూలా పడవ. ఒకటి చూపించి రెండోది చెప్పకపోతే సగం కథే.

ఇంకోటి చెప్తే పిన్నమ్మ అస్సలు నమ్మలేదు. 1639లో ఈ ఇసక దిబ్బ ఇంగ్లీషు వాళ్ళకిచ్చింది అప్పట్లో ఈ తీరాన్ని ఏలుతున్న మన దామెర్ల వెంకటాద్రి నాయకుడు, వాళ్ళ నాన్న చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. ఇక్కడికి రాకముందు ఆ ఇంగ్లీషు వాళ్ళు ఉన్న చోటు దుర్గరాజపట్నం, అంటే పిన్నమ్మ వాళ్ళ ఊరికి పక్కనే. "మా వూరొదిలి ఇక్కడికొచ్చారా, ఇక్కడ మాత్రం ఏముంది, వుట్టి అలలు" అంది.

అన్నట్టు ఇప్పుడు మనం చూస్తున్న ఇంత వెడల్పు మెరీనా కూడా అప్పుడు లేదు. హార్బర్ గోడ కట్టాక దక్షిణం నుంచి వచ్చే ఇసక దానికి అడ్డం పడి ఇటుపక్క పేరుకుపోయింది, అటు రాయపురం వైపు సముద్రం ఒడ్డుని కోసుకుంటా పోయింది. అందుకే కోట దగ్గర నిలబడితే సముద్రం అంత దూరంగా కనిపిస్తుంది, ఒకప్పుడు కెరటాలు కోట గుమ్మం ముందే.

ఇక నేనడిగేది. హైకోర్టు పెద్దలకి, టూరిజం వాళ్ళకి మీ పేపర్ ద్వారా విన్నపం. 1844 నాటి ఆ రాతి లైట్‌హౌస్‌ని నెలకి ఒక ఆదివారం, కోర్టు సెలవు రోజే, మామూలు జనానికి చూపించండి. పర్మిషన్ ఉత్తరాలు పట్టుకుని గుంపుగా పోయేవాళ్ళ సంగతి వేరు, మాలాగ ముసలామెనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని పోయే ఇంటివాళ్ళకి దారి కావాలి. పైకి ఎక్కనివ్వమని అడగట్లేదు, కింద నిలబడి తలెత్తి చూస్తే చాలు. సెక్యూరిటీ అంటారు, నిజమే, కోర్టు అంటే ఉండాల్సిందే. ఆధార్ చూడండి, బ్యాగులు బయట పెట్టించండి, ఇరవై మందిని చొప్పున పంపండి. మెరీనా లైట్‌హౌస్ కూడా సెక్యూరిటీ అని ఏళ్ళ తరబడి మూసి పెట్టి 2013 నవంబర్‌లో తెరిచారు, ఇప్పుడు పిల్లలు క్యూ కట్టి ఎక్కుతున్నారు గదా.

ఇంకొక్కటి. ఆ ఇసకలో నిజమైన కుట్టు పడవ ఒకటి చేయించి పెట్టండి, అద్దాల పెట్టెలో కాదు, పిల్లలు చెయ్యేసి తాడు బిగువు చూసేటట్టు. కుట్టే చేతులున్నవాళ్ళు వయసు మీద పడ్డవాళ్ళే, కోస్తాలో వెతికి పిలిపిస్తే వస్తారు, కూలీ డబ్బులిస్తే సంతోషంగా చేస్తారు. పక్కన బోర్డు తమిళం, ఇంగ్లీషుతో పాటు తెలుగులో కూడా పెడితే మా పిన్నమ్మలాంటి వాళ్ళు చదువుకుంటారు. ట్రావెల్స్ వాళ్ళకీ గైడ్లకీ ఈ నాలుగు దీపాల సంగతి ఒక పేజీ ప్రింట్ చేసి చేతికిస్తే ఖర్చు ఎంతవుతుంది?

చూద్దామనుకునే మన తెలుగువాళ్ళకి ఒక మాట, మెరీనా లైట్‌హౌస్‌కి సోమవారం సెలవు, కోట మ్యూజియంకి శుక్రవారం సెలవు. మేం శుక్రవారం పోయి మ్యూజియం తలుపు చూసి వచ్చాం, 1947 ఆగస్టు 15న కోట మీద ఎగరేసిన జెండా లోపలే ఉంది, చూడలేకపోయాం. పిన్నమ్మ సంక్రాంతి అయ్యాక మళ్ళీ వస్తానంది, ఈసారి వ్యాన్ వద్దు, లోకల్ రైల్లో పోదాం అంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పెరంబూరు, చెన్నై