సురేఖా సిక్రీ అంటే సీరియల్ బామ్మ ఒక్కటేనా?

అయ్యా,

పోయిన వారం మీ సినిమా పేజీలో హిందీ నటి సురేఖా సిక్రీ గురించి వేసిన నాలుగు ముక్కలు చదివి ఊరుకుందామనే అనుకున్నాను. నావల్ల కాలేదు. ‘చిన్నారి పెళ్లికూతురు’ బామ్మ అని హెడ్డింగ్ పెట్టారు, సీరియల్ ఫొటో వేశారు, చివర్లో సినిమాల్లోనూ నటించారని ముగించారు. నాటకం అన్న మాట ఒక్కచోటా లేదు.

ఆమె 1971లో ఢిల్లీలోని జాతీయ నాటక విద్యాలయంలో చదువు ముగించి, అక్కడి రెపర్టరీలోనే, అంటే ఆ విద్యాలయం సొంత నాటక బృందంలోనే, పదేళ్లకు పైగా నాటకాలాడారు. 1989లో సంగీత నాటక అకాడమీ అవార్డు అందుకున్నారు. సహాయనటిగా మూడుసార్లు జాతీయ సినిమా అవార్డు వచ్చింది: ‘తమస్’, ‘మమ్మో’, ‘బధాయీ హో’. దేశ విభజన అల్లర్లలో ముసలి సిక్కు దంపతులను ఇంట్లో దాచిన రాజోగా ‘తమస్’లో ఆమెను చూసినవాళ్లు మరచిపోరు. మూడో అవార్డు 2019 డిసెంబరులో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు గారి చేతుల మీదుగా తీసుకున్నారు. పక్షవాతం వచ్చాక వీల్‌చైర్‌లో వచ్చిన ఆమెకు సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మన తెలుగాయన ఇచ్చిన అవార్డు కూడా తెలుగు పత్రికకు గుర్తు రాలేదు.

సీరియల్ సంగతే తీసుకోండి. అది హిందీ ‘బాలికా వధూ’కు డబ్బింగ్. మనం విన్న తెలుగు గొంతు ఆమెది కాదు. మనకు చేరింది ఆ ముఖం, ఆ నడక, మాట ఆపి కోడలి వైపు ఒక్క క్షణం చూసే ఆ చూపు. ఆమె వేసిన బామ్మ పాత్ర కల్యాణీదేవి గడపలో నిలబడితే మా కొర్లగుంట ఇళ్లలో టీవీ ముందున్న ఆడవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. గొంతు మారినా నిలబడే ఆ నటన సీరియల్ సెట్లో వచ్చింది కాదు, స్టేజీ మీద ఏళ్లతరబడి సాధన చేస్తే వచ్చింది. 2020లో కరోనా వల్ల 65 ఏళ్లు దాటినవాళ్లు షూటింగులకు రాకూడదని మహారాష్ట్రలో నిబంధన పెడితే, నాకు పని చేయాలని ఉందని పైకే చెప్పిన మనిషి ఆమె. మరుసటి ఏడాది జూలై 16న పోయారు.

నాటకాన్ని లెక్కలోకి తీసుకోని జబ్బు మీ ఒక్కరిదే కాదు. మన జిల్లా పల్లెల్లో భారతం ఉత్సవాలు జరిగితే పగలు హరికథ, రాత్రంతా నాటకం. ద్రౌపది వేషం కట్టే ఆడవాళ్లు తెల్లవార్లూ పద్యం పాడి, కొబ్బరినూనెతో ముఖం రంగు తుడుచుకుంటూ మొదటి బస్సు కోసం రోడ్డు మీద నిలబడతారు. రాత్రికి ఇంకో ఊళ్లో మళ్లీ అదే వేషం. పేపర్లో వచ్చేది ఉత్సవాలు వైభవంగా జరిగాయనీ, ఫలానా నాయకుడు పాల్గొన్నారనీ. ద్రౌపది ఎవరో, ఆమెది ఏ ఊరో ఉండదు.

ఆఫీసర్ల సంగతి ఇంకా ఘోరం. కళాకారుల గుర్తింపు కార్డుకు వెళితే ఫొటోలు తెమ్మంటారు, తెస్తే సార్ క్యాంపులో ఉన్నారంటారు. ఇన్ని భవనాలు లేస్తున్న తిరుపతిలో నాటకం వేద్దామని హాలు అడిగితే ముందు అద్దె చెబుతారు. కట్టాక, రిహార్సల్ అయిపోయాక, ఆ రోజు ఏదో సమావేశం ఉంది ఇంకో తేదీ చూసుకోండని ఫోన్ వస్తుంది. మాకు తెలిసిన ఒక బృందానికి ఇలాగే జరిగింది. లైట్లవాళ్లకు ఇచ్చిన అడ్వాన్సు కూడా తిరిగి రాలేదు. ఎవరిని అడగాలి?

సురేఖా సిక్రీ గురించి మీరు మళ్లీ రాయాలి. నాటకంతో మొదలుపెట్టి, సరైన వివరాలతో, అర పేజీ అయినా ఇవ్వండి. ఈసారి భారతం మొదలయ్యాక మీ విలేకరిని ఏదో ఒక పల్లెకు పంపి తెల్లారేదాకా కూర్చోమనండి. వేషం కట్టిన ఆడవాళ్ల పేర్లు, ఊళ్లు అడిగి రాసుకుని తప్పుల్లేకుండా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి