“ఎన్ని ప్యాడ్లు వాడుతున్నావమ్మా?” అని అడిగిన మేడమ్ గారికి

అందరికీ నమస్కారం. “ముందు కడుపు పండనీ, బిడ్డ పుట్టాక ఒకేసారి పెట్టరాదూ ఈ పోస్టు” అంది మా చెల్లి. నేను ఆగలేను. నాకు మేలు ఇప్పటికే జరిగింది, దండం కూడా ఇప్పుడే పెట్టాలి.

మూడేళ్ల కిందట పదో వారంలో మా బిడ్డ గుండె ఆగిపోయింది. దగ్గర్లోని ఒక ఆస్పత్రిలో గర్భసంచిని గీకి శుభ్రం చేసే క్లీనింగ్ చేసి పంపించారు. ఆ తర్వాత నా నెలసరి మారిపోయింది. నాలుగు రోజులుండేది ఒక పూటకొచ్చింది. ఒక మరక, అంతే. పొత్తికడుపులో నొప్పి మాత్రం నెలనెలా వచ్చేది. ఎవరికి చెప్పినా “నయమే కదా, కొందరు రక్తం పోయి మంచం పడుతున్నారు” అనేవాళ్లు. రెండు చోట్ల చూపించుకున్నాం. థైరాయిడ్, స్కానింగు, మా ఆయన పరీక్షలు, అండం విడుదలకు మాత్రలు. అన్నీ నార్మల్ అనేవాళ్లు. ఆ మాట వినివిని ఎన్ని రాత్రులు ఏడ్చానో.

హైదరాబాద్‌లో డాక్టర్ మేడమ్ గారు నా ఫైలు పక్కన పెట్టి మొదట అడిగిందే ఇది: “ఎన్ని ప్యాడ్లు వాడుతున్నావమ్మా? క్లీనింగ్‌కి ముందు ఎన్ని?” అప్పుడు రోజుకు నాలుగు, ఇప్పుడు నెలకొకటి అన్నాను. రాస్తున్న పెన్ను ఆపి నా వైపు తిరిగి కూర్చున్నారు. రెండేళ్లలో నన్నెవరూ అడగని ప్రశ్న అది.

గర్భసంచిని గీకినప్పుడు లోపలి పొర లోతుగా దెబ్బతింటే, మానేటప్పుడు ఎదురెదురు గోడలు ఒకదానికొకటి అతుక్కుపోతాయట. పిండం కుదురుకోవడానికి చోటే ఉండదు. మామూలు స్కానింగులో చాలాసార్లు కనిపించదు. ఆషర్మన్ అనే డాక్టరు 1948లో దీని గురించి వివరంగా రాశారు కాబట్టి ఆషర్మన్ సిండ్రోమ్ అని ఆయన పేరే పెట్టారు. నా బాధకు ఒక పేరుందని తెలిసిన రోజు కడుపునిండా అన్నం తిన్నాను.

హిస్టరోస్కోపీ చేశారు. పొట్ట మీద కోత లేదు. కింది నుంచే సన్నని కెమెరా పంపి, సెలైన్‌తో గర్భసంచిని తెరిచి, చిన్న కత్తెరతో అతుకులు కత్తిరించారు. మిగిలిన పొర కాలకూడదని కరెంటు వాడలేదట. మన దేశంలో గర్భసంచి టీబీ వల్ల కూడా ఇలా అవుతుంది కాబట్టి చిన్న ముక్క ల్యాబ్‌కి పంపారు. నాకు టీబీ లేదు. తర్వాత వీడియో చూపించారు. తెల్లటి తాళ్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఒక్కోటీ తెగుతుంటే వెనక గులాబీ రంగు గోడ బయటపడింది. మూలన చిన్న నల్ల చుక్క. “అదిగో, అండం వచ్చే ట్యూబు ద్వారం” అన్నారు మేడమ్. అప్పుడు మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు.

గోడలు మళ్లీ కలవకుండా వారం రోజులు లోపల చిన్న బెలూన్ ఉంచారు. మొదటి రాత్రి నొప్పికి నిద్ర పట్టక ఏడుస్తుంటే, డ్యూటీ అయిపోయినా ఇంటికెళ్లకుండా పక్కన కూర్చుని, తన బాక్సులోని చారన్నం కలిపి తినిపించిన సిస్టరమ్మా, మీ రుణం ఎలా తీర్చుకోను!

మా అత్తమ్మకి చదువు రాదు. లోపలి పొర మళ్లీ పెరగడానికి రెండు నెలలు ఈస్ట్రోజన్ అనే హార్మోన్ మాత్రలు వేళకు వేసుకోవాలంటే, నేను మింగిన ప్రతి మాత్రకీ క్యాలెండర్‌లో ఆ తేదీ మీద కుంకుమ బొట్టు పెట్టింది. రోజుకు రెండు బొట్లు, ఒక్కటీ తప్పలేదు. చుట్టాలు ఆరా తీస్తే “మా పిల్ల ఒళ్లు బాగు చేయించుకుంటోంది, ఇంకేం అడక్కండి” అని నోరు మూయించింది. ఆ రెండు కాగితాలూ చించి బీరువాలో దాచుకున్నాను.

రెండోసారి చూసినప్పుడు పల్చని అతుకులు కొన్ని మళ్లీ కనిపిస్తే తీసేశారు. పోయిన నెల నెలసరి మూడు రోజులుంది. బాత్రూంలోంచి అత్తమ్మని కేకేసి చెప్పాను. ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టింది.

మేడమ్ ఏదీ దాచలేదు. అతుకులు తిరిగి రావచ్చన్నారు. గర్భం వస్తే మాయ గట్టిగా పట్టుకుపోయే ప్రమాదం ఉంటుంది, కాన్పు ఎక్కడైనా సరే ఈ ఆపరేషన్ సంగతి ముందే చెప్పమన్నారు. నాకు భయం లేదని కాదు. కానీ నిజం చెప్పే మనిషి చేతిలో ఉన్నానన్న ధైర్యం ఉంది.

క్లీనింగ్ తర్వాత నెలసరి తగ్గిపోయిన అక్కలూ చెల్లెళ్లూ, “నయమే కదా” అంటే ఊరుకోకండి. నెలసరి తగ్గిందన్న సంగతి డాక్టరుకు గట్టిగా చెప్పండి, హిస్టరోస్కోపీ అవసరమా అని అడగండి.

సిస్టరమ్మా, మీ స్టీలు బాక్సు నా దగ్గరే ఉండిపోయింది. వచ్చే నెల చెకప్‌కి వస్తాం కదా, అత్తమ్మ అందులో అరిసెలు పెట్టి తెస్తానంటోంది.