గేటు దగ్గర పలక కట్టించిన అన్నకు

పోయిన శుక్రవారం పాలకొండల వైపు, మా షెడ్డు వెనక గుట్టలో బోదగడ్డి అంటుకుంది. మాది కాగితం ప్లేట్లు చేసే షెడ్డు. ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. ఆ పూట పనిలో ఉన్నది ఇరవై ఆరు మంది, ఎక్కువగా ఆడోళ్లే. అందరూ క్షేమంగా ఇళ్లకు చేరారు.

ముందు మా వీధిలోని రిటైర్డ్ ఫైర్‌మన్ అన్నకు దండం. వద్దన్నాడు కాబట్టి పేరు రాయడం లేదు. శివరాత్రి పోయిన వారానికి టీకి వచ్చి, వెనక ప్రహరీని ఆనుకున్న ఎండుగడ్డి చూసి తిట్టినంత పని చేశాడు. దగ్గరుండి కోయించాడు. డీజిల్ క్యాన్లు అక్కడినుంచి తీయించాడు. "పగలు గాలి గుట్ట ఎక్కుతాది, మంటా దాంతోనే ఎక్కుతాది. పొద్దుగూకితే గాలి కిందికి దిగుతాది అబ్బీ. అప్పటికి నువ్వు షెడ్డులో ఉండగూడదు" అన్నాడు. బోరు మోటారు ఉంది కదన్నా అంటే నవ్వాడు. 2014లో శేషాచలం మంటలకు వాయుసేన హెలికాప్టర్లే రావాల్సి వచ్చిందని గుర్తుచేశాడు.

అందరూ చేరే చోటు వెనక వేపచెట్టు కింద అనుకున్నా, నీడ ఉంటుందని. ఆయన రోడ్డవతలి ఖాళీ జాగా చూపించాడు. బండ్లు మూతి రోడ్డు వైపు పెట్టి ఆపమన్నాడు. ఇవన్నీ సరే. గేటు దగ్గర పలక కట్టి, లోపలికొచ్చే ప్రతి మనిషి పేరూ రాయమంటే మాత్రం, హాజరు పట్టీ ఉండగా ఇదెందుకని లోలోపల విసుక్కున్నా.

శుక్రవారం నాలుగింటికి పొగ కనిపించింది. కరెంటు మెయిన్ ఆపి అందరినీ బయటికి తెచ్చాం. పట్టీ ప్రకారం ఇరవై ఆరూ సరిపోయారు. పలక మీద ఇరవై ఎనిమిది! లోడుకొచ్చిన లారీ డ్రైవరు ఉన్నాడు, క్లీనరు లేడు. గోడౌన్లో అట్టపెట్టెల చాటున నిద్రపోతున్నాడు. పొగ ఇంకా షెడ్డు మీదికి రాలేదు కాబట్టి మావాళ్లిద్దరు పోయి లేపుకొచ్చారు. మా పట్టీలో వాడి పేరెందుకుంటుంది?

పచ్చి కొమ్మలతో కొట్టికొట్టి మంటను గుట్ట మీదే ఆపిన ఫారెస్టు వాచర్లకు, ఇంజను పైకెక్కకపోతే కిందే నిలబడి మా గోడ తడిపిన ఫైర్ సిబ్బందికి, చీకటి పడకముందే ఆడోళ్లను ఇళ్లకు చేర్చి బాడుగ ముట్టని ఆటో అన్నలకు నమస్కారాలు. తడిగుడ్డ పొగను ఆపదని ఎన్-95 మాస్కుల పెట్టె తెచ్చిచ్చిన మెడికల్ షాపాయనా, నీ డబ్బులు ఇంకా నా దగ్గరే ఉన్నాయి, వచ్చి తీసుకుపో.

అన్నా, నిన్న నువ్వు టీకొస్తే పలక మీద పేరు రాసేదాకా మా వాచ్‌మన్ లోపలికి వదల్లేదంట. కోపం పెట్టుకోవద్దు.