ఆరిన కలప పేరుతో పచ్చి కలప సరఫరా చేయడంపై ఫిర్యాదు

హనుమకొండ

మేనేజర్ గారికి,
కలప సరఫరా సంస్థ, వరంగల్

విషయం: వరండా కప్పుకు మీరు ఇచ్చిన పైన్ వాసాలు వంగి, మెలి తిరగడం.

అయ్యా,

మా వరండా పెంకుల కప్పు కోసం మీ డిపోలో కొన్న వాసాలు ఎండలు ముదిరేసరికి వంగిపోయి, పెంకులు ఒకదానిపై ఒకటి కూర్చోకుండా సందులు పడ్డాయి. బిల్లులో ‘కిల్న్‌లో ఆరబెట్టినది, తేమ 12 శాతం’ అని, అంటే వేడిగాలి గదిలో ఆరబెట్టినదని రాశారు. వాసం ఎత్తగానే బరువు చూసి అనుమానించిన మా వడ్రంగికి మీ డ్రైవర్ ఆ బిల్లునే చూపించారు. ఇప్పుడు మీ ప్రతినిధి తప్పంతా వరంగల్ ఎండదే అంటున్నారు. దీనికి నేను ఒప్పుకోను.

కర్రలో తేమ సుమారు 30 శాతం కంటే కిందికి దిగి, కణాల గోడల్లోని నీరు పోవడం మొదలైనప్పుడే అది కుంచించుకుంటుంది. అదీ అన్ని వైపులా ఒకేలా కాదు: మొద్దు కోతలో కనిపించే ఏటా పెరిగే వలయాల వెంబడి కుంచింపు, వలయాలకు అడ్డంగా ఉండేదానికి దాదాపు రెట్టింపు, పొడవులో చాలా స్వల్పం. ఈ తేడా వల్లే పలక దోనెలా వంగుతుంది, నార ఏటవాలుగా ఉన్నదీ మొద్దు నడిమి భాగం కలిసినదీ మెలి తిరుగుతుంది. మా కప్పులో బాగా మెలి తిరిగిన వాసాలన్నింటి చివరల్లోనూ ఆ నడిమి భాగం కనిపిస్తోంది, ఫొటోలు జతచేశాను.

మిగిలిపోయిన, కప్పుకు ఎక్కని వాసం నుంచి ముక్క కోయించి, పైపొరనూ లోపలి భాగాన్నీ వేరుచేసి, 103 డిగ్రీల వద్ద బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టించాను. పోయిన నీటిని ఎండిన కర్ర బరువుతో పోల్చగా పైపొరలో 13 శాతం, లోపల 24 శాతం తేమ తేలింది. తేమ కొలిచే మీటరును పైపైన ఆనించి చూస్తే కనిపించేది ఆ 13 మాత్రమే.

వేసవిలో ఇక్కడి పొడిగాలికి కర్ర తేమ 10 శాతం కంటే తగ్గుతుందన్నది నిజమే. అయితే 12 నుంచి దిగే కర్రలో వచ్చే మార్పు స్వల్పం, 24 నుంచి దిగే కర్రలో వచ్చే మార్పు కప్పునే కదిలిస్తుంది. నలభై డిగ్రీలు దాటే ఎండ ఈ ప్రాంతానికి కొత్త కాదు కనుక, ఇక్కడ అమ్మే కలపను దానికి తగినట్టు ఆరబెట్టే బాధ్యత మీదే.

కాబట్టి వంగిన వాసాలను మార్చి, విప్పి మళ్లీ బిగించే కూలీ ఖర్చును భరించాలని, కొత్త కలపను దించేముందు లోపలికి దిగే సూదుల మీటరుతో నా ఎదుటే కొలిచి చూపించాలని కోరుతున్నాను. పదిహేను రోజుల్లో రాతపూర్వక జవాబు రాకపోతే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు

జతపరచినవి: బిల్లు నకలు, ఫొటోలు, తేమ పరీక్ష ఫలితం