ఘంటసాల రేవు గురించి కడప నుంచి ఒక విన్నపం

గౌరవనీయులైన రాష్ట్ర సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను కడపలో పిల్లలకు చరిత్ర చెప్పే అయ్యవారిని. మాకు సముద్రం దూరం. కానీ నంద్యాలలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయంటే, ఒకప్పుడు ఆ వ్యాపారపు సొమ్ము మా సీమ దాకా వచ్చిందనే కదా! అది ఏ రేవుల మీదుగా వచ్చి ఉంటుందని పిల్లలు అడిగితే చేతిలో పెట్టడానికి తెలుగులో సరైన పుస్తకం నాకు దొరకలేదు. అందుకే కృష్ణా జిల్లా ఘంటసాల గురించి మీకు రాస్తున్నాను.

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో ఉండి టాలమీ అనే పండితుడు గ్రీకులో రాసిన భూగోళ గ్రంథంలో, మైసోలియా (మన కృష్ణా తీరప్రాంతం) తీరాన కొంటకోస్సిల అనే వర్తకపు రేవు కనిపిస్తుంది. నాగార్జునకొండ శాసనంలో బోధిసిరి అనే బౌద్ధ ఉపాసిక తన దానాలు చెప్పుకుంటూ కంటకసేల మహాచైత్యాన్ని (పెద్ద బౌద్ధ స్తూపాన్ని) పేర్కొంది. కొంటకోస్సిల, కంటకసేల రెండూ ఘంటసాల పాత పేర్లేనని పండితులు అంటారు. ఘంటసాలలోనే దొరికిన ప్రాకృత శాసనంలో శివకుడనే మహానావికుడున్నాడు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ రేవు మనకు ఆనుతుంది. విడివిడిగా చూస్తే ఏదీ చాలదు.

టాలమీ మన దేశానికి వచ్చినవాడు కాదు. నావికులూ వర్తకులూ చెప్పినవి పోగుచేసి అక్షాంశ రేఖాంశాలు కట్టాడు. ఆయన అంకెల ప్రకారం పటం గీస్తే ద్వీపకల్పం అణిగిపోయి, తీరం తూర్పుకు సాగిపోతుంది. కాబట్టి డిగ్రీలను పట్టుకు వేలాడకూడదు, ఊర్లు ఏ వరుసలో వస్తున్నాయో చూడాలి. ఆ తీరంలోనే అల్లోసిగ్నే అనే ఊరు దాటాక, సువర్ణభూమికి (ఆగ్నేయాసియాకు) పోయే ఓడలు తీరం వదిలే చోటు ఒకటుందని ఆయన రాశాడు. అదెక్కడన్నది నేటికీ తేలని వాదమే. అంతకు ముందటి శతాబ్దంలో పేరు తెలియని గ్రీకు వర్తకుడు రాసిన పెరిప్లస్ అనే సముద్రయాన గ్రంథంలో మసాలియా (అంటే మైసోలియాయే) సన్నబట్టల ప్రస్తావన ఉంది, కొంటకోస్సిల పేరు మాత్రం లేదు. అంతమాత్రాన అప్పటికి రేవే లేదనడం తొందరపాటు. తూర్పు తీరం గురించి ఆయన చాలా పొడిపొడిగా రాశాడు. ఏ మాటను ఎంతవరకు నమ్మాలో పిల్లలు నేర్చుకోవలసింది ఇలాంటి చోటే.

అయ్యా, నేను కోరేది ఒక ఆధార గ్రంథం. మన తీరాన్ని గురించిన గ్రీకు, లాటిన్ భాగాలను ఇంగ్లీషు మీదుగా కాకుండా మూలం నుంచే తెలుగు చేయించాలి. ఎదురు పుటలో శాసనపాఠం, దాని అర్థం, పటం ఉండాలి. పండితులు ఒప్పుకోని చోట ఇరుపక్షాల వాదనా అచ్చు కావాలి. ఈ పని కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి అప్పగించండి. తాళపత్రాలు సేకరించి, పాఠాలు సరిచూసి, అచ్చుకు సిద్ధం చేయించిన బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటది. ఇంతకంటే తగిన తావు నాకు తోచడం లేదు. గ్రీకు, ప్రాకృతం బాగా తెలిసినవాళ్లను పిలిపించండి. మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగం సాయం అడగండి.

వచ్చే బడ్జెట్‌లో దీనికి ఒక పద్దు వేయించండి. పుస్తకం తయారయ్యాక ప్రతి జిల్లా గ్రంథాలయానికీ ప్రతులు పంపి, నెట్‌లో ఉచితంగా పెట్టించండి.

ఇట్లు,
కడప నుంచి ఒక చరిత్ర ఉపాధ్యాయుడు